హద్దులు చెరిగిన డిస్కు

డిస్కులో ఏమీ లేదని తేలిన రోజున సంఘం ఆఫీసులో ఎవరూ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. అరిచినవాడి మీద తిరిగి అరవొచ్చు. కార్యదర్శి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, రోగి మంచం పక్కన కూర్చుని మాట్లాడినట్టు మెత్తగా మాట్లాడాడు. పొరపాటు ఎవరికైనా జరుగుతుందన్నాడు. యంత్రాల పని అందరికీ పట్టుబడదన్నాడు. ఇకమీదట టైపిస్టు కంప్యూటరు జోలికి పోకుండా కరపత్రాలు మడతపెట్టే పని చూసుకుంటే చాలని, బల్ల సొరుగు తాళంచెవి ఇమ్మని చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది. అది తాళాల గుత్తిలోంచి ఊడిరావడానికి కాస్త సేపు పట్టింది. అంతసేపూ గదిలో వాళ్ళంతా ఆమె గోళ్ళనే చూశారు.

సంఘమంటే రాతిపొడి మిల్లు కార్మికుల సంఘం. ఆఫీసంటే దర్జీ కొట్టు మీద ఒక్క గది. కింద కుట్టుమిషన్లు పరిగెడితే పైన బల్లలు సన్నగా వణుకుతాయి. ఆ గదిలో విలువైన వస్తువంటూ ఉంటే అది అరచేతిలో పట్టే ఆ నల్లడిస్కే. మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి మంచాన పడ్డవాళ్ళు తమ పని గురించి, తమ జబ్బు గురించి స్వయంగా చెప్పుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి. టైపిస్టు ఇంటింటికీ తిరిగి రికార్డు చేసింది. దగ్గు తెర ఆగేదాకా రికార్డరు పట్టుకుని కూర్చునేది. మాట మధ్యలో నిద్రలోకి జారుకున్నవాళ్ళని లేపకుండా మర్నాడు మళ్ళీ వెళ్ళేది. రికార్డరులో చోటు తక్కువ కాబట్టి ఏ రోజు మాటలు ఆ రోజు డిస్కులోకి ఎక్కించి, రికార్డరు ఖాళీ చేసుకునేది.

మిగతావాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళొచ్చు. పిట్టన్న దగ్గరికి వెళ్ళలేరు. పిట్టన్న పోయాడు. సన్నగా ఉంటాడని మిల్లులో పెట్టిన పేరది, కడదాకా అదే నిలిచింది. ఆయన తమ మిల్లులో ఎన్నడూ పని చెయ్యలేదని, తమ హాజరు పట్టీల్లో అలాంటి మనిషే లేడని కంపెనీ అంటోంది. ఆయన వాంగ్మూలం టైపు చేసి, సంతకం పెట్టించుకునేలోపే ప్రాణం పోయింది. ఇక మిగిలింది డిస్కులో ఉన్న ఆ గొంతొక్కటే. సోమవారం విచారణ. ఆ గొంతు వినిపించకపోతే పిట్టన్న భార్య పెట్టుకున్న అర్జీ కొట్టేస్తారు.

ఆమె ఆ రోజు ఆఫీసులోనే ఉంది, గుమ్మం పక్క బెంచీ మీద. అందరూ మెట్లు దిగాక టైపిస్టు దగ్గరికి వచ్చింది.

"మా ఆయన మాట పోయిందా అమ్మా?"

టైపిస్టు తల దించుకుంది.  పిట్టన్న భార్య, అడిగి ఇబ్బంది పెట్టినందుకు తానే నొచ్చుకున్నట్టు టైపిస్టు భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఇదే సంఘం, మిల్లువాళ్ళు ఒక కూలీని సంజాయిషీ అడగకుండా గేటు బయట నిలబెడితే, మర్నాటికి మొత్తం మిల్లు ఆపించింది. ముందు మనిషిని అడుగు, తర్వాత తప్పు పట్టు. గోడ మీద ఎర్రరంగుతో రాసుకున్న నియమం అది. ఆ గోడకి ఆనుకుని నిలబడ్డ టైపిస్టుని మాత్రం ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావు, ఎవరెవరు ముట్టుకున్నారు? ఏదీ లేదు. కార్యదర్శి చెడ్డవాడు కాదు. గేటు ముందు లాఠీ దెబ్బలు తిని, మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేని మనిషి. అదే చిక్కు. అలాంటివాడు అంత మెత్తగా నీ తప్పేనంటే, మన చెయ్యే ఏదో చేసిందేమోనని మనకే అనుమానం పుడుతుంది. టైపిస్టు నడుస్తూ దారి పొడవునా ఆ వారం తాను నొక్కిన మీటలన్నీ గుర్తుచేసుకుంది. దేన్నో నొక్కే ఉంటాననుకుంది. డిస్కు మాత్రం ఆమె సంచిలోనే ఉంది. ఇక దాంతో పనేముందని కార్యదర్శి చెత్తబుట్ట అంచున పెడితే, తీసి చేతిరుమాల్లో చుట్టుకుంది.

ఇంటికి వెళ్ళలేదు. అన్న ఇంటికి వెళ్ళింది.

ఆమె వదిన పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లాబు చూసుకుంటుంది. ఆ మనిషికి రెండే ఇష్టం: విండోస్‌కి బదులు వాడే లినక్సు, ఎదుటివాళ్ళని ఆటపట్టించడం. సంఘానికి ఎవరో వదిలేసిన పాత కంప్యూటర్లు తెచ్చి లినక్సు ఎక్కించి ఇచ్చింది ఆమే. ఆ డిస్కుని సిద్ధం చేసింది కూడా ఆమే.

టైపిస్టు గుమ్మంలోనే ఏడ్చేసింది. వదిన తలుపు తెరిచి పట్టుకుని పైనుంచి కిందికి ఓసారి చూసింది.

"ఆడపడుచు కంట నీళ్ళు చూసే యోగం ఇన్నాళ్ళకి పట్టింది నాకు. లోపలికి రా, తీరిగ్గా చూసుకుంటాను."

విషయమంతా విన్నాక మాత్రం ఆటపట్టించడం మానేసింది. ఒకటే అడిగింది. ఖాళీగా కనిపించిన తర్వాత ఆ డిస్కులోకి ఎవరైనా ఏమైనా ఎక్కించారా అని. లేదంది టైపిస్టు. బాగుచేద్దామని ఎవరైనా ఏదైనా నొక్కారా? కార్యదర్శి ముట్టుకోనివ్వలేదు. "మీ కార్యదర్శి చేసిన పనుల్లో ఇదొక్కటే తెలివైన పని," అంది వదిన. డిస్కుని రుమాల్లోంచి తీసి, పసిబిడ్డ తలని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

మర్నాడు సెలవు. లాబులో ఎవరూ లేరు. కిటికీల్లోంచి ఎండ బారుగా పడి, గుడ్డలు కప్పిన తెరల వరసల మీద పరుచుకుంది. వదిన ఒక మూల బల్ల ఖాళీ చేసి, రెండు కుర్చీలు లాగి, తానొక్కతే మీటలు నొక్కుతుందనీ ఆడపడుచు పక్కన కూర్చుని ప్రతీదీ పైకి చదవాలనీ షరతు పెట్టింది. రెండు నోళ్ళు ఉంటే ఒక తప్పు తగ్గుతుందట.

ముందు పాఠం చెప్పింది. వదినకి పాఠం చెప్పకుండా పని చెయ్యడం చేతకాదు. కాగితం మీద పొడుగాటి గీత గీసింది. ఇదీ డిస్కు. ఉత్త నేల. ఈ మొదట్లో, గోరంత చోటులో, ఒక పట్టిక ఉంటుంది. ఫలానా భాగం ఇక్కడ మొదలై ఇక్కడ ఆగుతుంది, దాని తర్వాతది ఇక్కడినుంచి ఇక్కడిదాకా. అంతే రాసుంటుంది అందులో. హద్దుల పట్టిక అన్నమాట. కంప్యూటరు డిస్కుని తగిలించగానే ముందు దాన్నే చదువుతుంది.

"ఆ పట్టికని ఎవరైనా చెరిపేసి, ఇదంతా ఒకటే ఖాళీ స్థలం అని రాస్తే?" అడిగింది టైపిస్టు.

"ఖాళీ స్థలమనే నమ్ముతుంది. లోపల జనం కాపురం ఉంటున్నారా అని తొంగిచూడదు. దానికి రాత ముఖ్యం, మనుషులు కాదు."

టైపిస్టు ఆ గీత వంక చాలాసేపు చూసింది. అలాంటి కంపెనీ ఒకటి తనకి తెలుసంది. వదిన నవ్వి, కోపం దాచుకో, సోమవారం పనికొస్తుందంది.

అసలు డిస్కు మీద అక్షరం కూడా రాయకూడదు. ముందు దానికి నకలు తియ్యాలి. ఉన్నది ఉన్నట్టు, ఖాళీ చోటుతో సహా, మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా. ఏ పనైనా నకలు మీదే. వదిన సొరుగులోంచి అంతే పరిమాణం ఉన్న కొత్త డిస్కు తీసి తగిలించింది. నకలు తీసే ఆదేశంలో రెండే సంగతులుంటాయి. ఎక్కడినుంచి, ఎక్కడికి. తిరగేసి రాస్తే కొత్త డిస్కులోని శూన్యమంతా వచ్చి పాతదాని మీద పడుతుంది. ఆ తర్వాత దేవుడు దిగివచ్చినా ఏమీ చెయ్యలేడు.

తెర మీద డిస్కులకి అక్షరాలు వచ్చాయి. పాతది బి, కొత్తది సి. టైపిస్టు పైకి చదివింది. వదిన ఆదేశం కొట్టింది, బి నుంచి సి కి. పని మొదలై కాస్త నడిచి ఆగిపోయింది. తీగ వదులుగా ఉంది. వదిన రెండు డిస్కులూ ఊడదీసి, గట్టి తీగలు వెతికి, మళ్ళీ తగిలించింది. పాత ఆదేశమే ఉంది కదా, పైకి చూపే బాణం మీట నొక్కితే మళ్ళీ వచ్చింది. ఎంటర్ మీద వేలు పెట్టింది.

"ఆగు వదినా."

"ఏం?"

"చదవలేదు. నేను ఇంకా చదవలేదు."

వదినకి చిరాకేసింది. ఇందాకే చదివావు కదా అంది. టైపిస్టు కదల్లేదు. నువ్వే పెట్టిన షరతు, మళ్ళీ డిస్కుల జాబితా తెప్పించు అని పట్టుబట్టింది. వదిన మూతి తిప్పుతూ తెప్పించింది. టైపిస్టు ముందుకు వంగి, డిస్కు వెనక చీటీ మీద అచ్చువేసిన సీరియల్ నంబరు చూసి, తెర మీది నంబరు చూసి, మళ్ళీ చీటీ చూసింది. అక్షరాలు తారుమారయ్యాయి. ఈసారి కొత్త డిస్కు ముందు తగిలింది కాబట్టి దానికి బి వచ్చింది. పాతది సి అయి కూర్చుంది.

వదిన వేలు మీట మీదనుంచి మెల్లగా తీసింది. లేచి మూలనున్న కూజా దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. మళ్ళీ తీసి ఇంకో గ్లాసు తాగింది. వచ్చి కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మీ అన్నకి చెప్పకు," అంది.

ఇద్దరూ నవ్వారు.  అప్పటినుంచి వదిన అక్షరాలు నమ్మలేదు. ఆదేశంలో సీరియల్ నంబరున్న పొడుగుపేరే రాసింది. టైపిస్టు అంకె అంకె చదివి ఊఁ అన్నాకే నొక్కింది.

నకలు పూర్తయ్యేసరికి ఎండ కిటికీ అంచు దాటిపోయింది. అసలు డిస్కుని రుమాల్లో చుట్టి సంచిలో పెట్టి, వదిన నకలు మీది పట్టికని తెరిచింది. ఒక్కటే పంక్తి. డిస్కంతా ఒకే భాగం. తాను రెండు భాగాలు చేశానని వదినకి రూఢిగా తెలుసు. ముందుభాగంలో ఎప్పుడైనా కంప్యూటరు మొరాయిస్తే లేపడానికి ఒక చిన్న లినక్సు పెట్టింది, వెనక పెద్దభాగం వాంగ్మూలాలకి. పట్టిక నకలొకటి డిస్కు చివర కూడా ఉంటుంది, ఏమైనా మిగిలిందేమోనని అక్కడా చూసింది. అది కూడా కొత్తదే. ఎవరో ఉన్న హద్దులన్నీ తీసేసి, మొత్తం ఒకటి చేసి, కొత్తగా ఫార్మాట్ చేశారు.

వదిన ఆ కొత్త భాగం పేరు చదివింది. "న్యూ వాల్యూమ్." కుర్చీ వెనక్కి జరిపి ఆడపడుచు వైపు తిరిగింది. లినక్సు తనంతట తాను ఆ పేరు పెట్టదంది. పేరేం పెట్టమంటారని అడిగినప్పుడు మనం ఏమీ రాయకుండా సరే అంటే విండోస్ పెట్టే పేరు అది. మీ ఆఫీసులో విండోస్ ఉన్న కంప్యూటరు ఏది?

 సంఘంలో ఉన్నవన్నీ వదిన ఎక్కించిన లినక్సు యంత్రాలే. ఒక్కటి తప్ప. విచారణలో ఇవ్వబోయే ఉపన్యాసం రాసుకోవడానికి కార్యదర్శి తన అల్లుడి దగ్గర తెచ్చుకున్న లాప్‌టాప్.

లినక్సు భాగాలు ఆ లాప్‌టాప్‌కి అర్థం కావు. అర్థం కానివాటిని అది ఖాళీ అనుకుంటుంది, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడుగుతుంది. ఈయన సరే అని ఉంటాడు. పాత భాగాలు తీసేసి మొత్తం ఒకటి చెయ్యనా అని మళ్ళీ అడిగి ఉంటుంది, మళ్ళీ సరే. అదంతా వదిన చెబుతూనే ఉంది. టైపిస్టుకి వినబడటం లేదు. ముందు ఒళ్ళంతా తేలికైంది, నేను కాదు, నా చెయ్యి కాదు అని. ఆ వెనకే మండుకొచ్చింది. ఆ తాళంచెవి కోసం చాపిన చెయ్యి గుర్తొచ్చింది.

"ఇప్పుడే వెళ్ళి దులిపేద్దామా?" అంది వదిన ఆశగా.

"ముందు పిట్టన్న దొరకాలి."

ఆ మాటకి వదిన ఆడపడుచు వంక కొత్తగా చూసింది.  తెర వైపు తిరిగింది.

హద్దు ఎక్కడ పెట్టిందో వదినకి గుర్తులేదు. ముందుభాగం ఎంత ఉంచావని టైపిస్టు అడిగితే, మీ అన్న పెళ్ళిచూపులకి ఏ చొక్కా వేసుకొచ్చాడో అడుగు చెప్తాను, ఇది అడక్కు అంది. కానీ ఇంకోదారి ఉందట. భాగం హద్దులు పట్టికలో ఉంటాయి, నిజమే. దాని పేరు మాత్రం పట్టికని నమ్ముకుని లేదు. ఆ భాగంలో ఫైళ్ళని సర్దిపెట్టే ఫైల్‌సిస్టమ్ తన గుమ్మంలోనే తన పేరు రాసుకుంటుంది. పట్టిక పోయినా పేరు పోదు. ఏం పేరు పెట్టామో గుర్తుందా?

టైపిస్టుకి గుర్తుంది. గొంతులు అని పెట్టమని ఆ రోజు తానే పట్టుబట్టింది. మన అక్షరాల్లోనే ఉండాలంది. పేరుకి పదహారు బైట్లే చోటు, మన లిపిలో అక్షరానికి, గుణింతానికి, సున్నాకి దేనికదే మూడేసి కావాలి. పట్టలేదు. గొంతు అంటే పట్టింది. ఒక్క బైటు మిగిలింది కూడా.

"ఆ రోజు నీ పంతం చూసి తిట్టుకున్నాను," అంది వదిన. "ఇవాళ చూడు. డేటా అనో బ్యాకప్ అనో పెట్టి ఉంటే ఈ డిస్కులో వేయిచోట్ల ఉండేది ఆ మాట. గొంతు అని తెలుగులో ఎవడు పెట్టుకుంటాడు నువ్వు తప్ప."

వెతకడం మొదలైంది. డిస్కు పొడవునా బైటు బైటు తడుముకుంటూ, ఆ పదిహేను బైట్లు అదే వరసలో ఎక్కడైనా ఉన్నాయా అని. తెర మీద ఏమీ కదల్లేదు. టైపిస్టు పెన్సిల్ చివర కొరుకుతూ కూర్చుంది. వదిన కూనిరాగం తీసింది, మానేసింది, కుర్చీ చెయ్యిని గోటితో గీకింది. ఎంతోసేపటికి ఒక పెద్ద అంకె వచ్చి పడింది. ఆ తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకా దూరంగా మరొకటి. ఫైల్‌సిస్టమ్ తన ముఖ్యమైన సంగతుల్ని దారిలో అక్కడక్కడ నకళ్ళు రాసిపెట్టుకుంటుందట, అందుకని పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. అసలైన గుమ్మం అన్నిటికన్నా ముందున్నది. పేరు గుమ్మానికి ఎంత లోపల ఉంటుందో లెక్క ఖాయం. ఆ మేరకు వెనక్కి తీసివెయ్యాలి. వచ్చిన అంకె మెగాబైటుకున్న బైట్ల లెక్కతో సమంగా, శేషం లేకుండా భాగించబడాలి. ఎందుకంటే భాగాల్ని ఎప్పుడూ నిండు మెగాబైటు దగ్గరినుంచే మొదలెడతారు.

తీసివేత వదిన తెర మీద చేసింది. టైపిస్టు కాగితం మీద చేసింది. భాగహారం కూడా చేసింది. కింద సున్నా వచ్చింది. ఇద్దరిదీ ఒకే జవాబు.

చూస్తే, కార్యదర్శి చేసిన ఫార్మాట్ రాతలన్నీ ఆ హద్దుకి ఇవతలే, ముందుభాగంలోనే పడ్డాయి. ఆ చిన్న లినక్సు తునాతునకలైంది. దాని వెనకున్న గది తలుపు కూడా కదల్లేదు. వదిన నకలు డిస్కు మీద పట్టికని తిరగరాసింది, పాత హద్దుతో. ఫైళ్ళ మీద ఏమీ రాయలేదు, ఉన్నచోట ఉన్నదని చెప్పిందంతే. చదవడానికి మాత్రమే అని షరతు పెట్టి తెరిచింది. పేర్లు బారుగా దిగాయి. ఆడవాళ్ళ పేర్లు, మగవాళ్ళ పేర్లు, తేదీలు. టైపిస్టు తాను పెట్టినవే అయినా, హాజరు పిలుస్తుంటే పలుకుతున్నట్టు ఒక్కొక్కటే పైకి చదివింది. పిట్టన్న దగ్గర ఆగింది.

వదిన హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకి పెట్టింది. తాను వినలేదు. ముందు దగ్గు వచ్చింది. తర్వాత, మూలుగుతో కలిసిన నవ్వు. "రాసుకుంటున్నావా అమ్మా? పరిగెత్తకు. నేనే ఆగుతాలే," అన్నాడు పిట్టన్న.

ఆ సాయంత్రమే టైపిస్టు ఆఫీసు మెట్లెక్కింది. వదినని కింద దర్జీ కొట్టు దగ్గరే ఉండమంది. వదినకది పెద్ద శిక్ష. కార్యదర్శి ఒక్కడే ఉన్నాడు, ఉపన్యాసం దిద్దుకుంటున్నాడు. మాటలన్నీ దొరికాయని ముందు చెప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు. ముఖం నిజంగానే వెలిగింది. ఆ వెలుగు ఆరకముందే మిగతాది కూడా చెప్పింది. న్యూ వాల్యూమ్ అంటే ఏమిటో, అది ఎవరి యంత్రం పెట్టే పేరో, పొల్లుపోకుండా చెప్పింది. గొంతు పెంచలేదు. ఆయన దగ్గరే నేర్చుకుంది ఆ పద్ధతి.

ఆయన కూలబడ్డాడు. ఉపన్యాసం ఆ డిస్కులో పెట్టి తీసుకెళ్దామని తగిలించానన్నాడు. అదేదో అడిగింది. ఇంగ్లీషులో ఏదో అడిగింది, సరే అన్నాను. మళ్ళీ అడిగింది. తొందరలో ఉన్నాను.  ఆపైన, విచారణ అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు, ఈ సమయంలో సంఘం పరువు పోకూడదు కదా అన్నాడు. మిల్లు యజమాని నోట విన్నమాటలు అచ్చంగా ఇలాగే ఉంటాయి. పరువు, సమయం, తర్వాత.

"నా తాళంచెవి ఎక్కడ తీసుకున్నారో అక్కడ ఇవ్వండి," అంది టైపిస్టు. "ఎవరెవరి ముందు తీసుకున్నారో వాళ్ళ ముందు."

 ఆమె మెట్లు దిగిపోయింది.

విచారణ గది చిన్నది. పైన పంకా తిరుగుతోంది గానీ గాలి కిందికి రావడం లేదు. ఎత్తు బల్ల వెనక అధికారి, ఆ పక్కన కంపెనీ వకీలు, ఆయన వెనక కంపెనీ తెచ్చిన సాక్షి, మిల్లు మేస్త్రీ. పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా, మెడ దగ్గర గుండీ బిగుతై మాటిమాటికీ వేలు దూర్చుకుంటున్నాడు. తానిన్నేళ్ళుగా మేస్త్రీ అని, ఆ పేరుగల మనిషి తన కింద ఎన్నడూ పని చెయ్యలేదని, ఎరగనే ఎరగనని చెప్పి కూర్చున్నాడు. ఇటుపక్క సంఘం వాళ్ళు. పిట్టన్న భార్య ముందు కుర్చీలో. వదిన వెనక వరసలో, జీవితంలో మొదటిసారి నోరుమూసుకుని.

వాంగ్మూలం వినిపిస్తామనగానే వకీలు లేచాడు. ఈ డిస్కు చెరిగిపోయిందని మొన్ననే వీళ్ళ ఆఫీసులోనే చెప్పుకున్నారు కదా, ఊరందరికీ తెలుసన్నాడు. చెరిగినది తిరిగి ఎలా వచ్చింది? ఎవరు తయారుచేశారు దీన్ని?

అధికారి టైపిస్టుని లేవమన్నాడు. ఆమె లేచి, చేతిరుమాలు విప్పి, అసలు డిస్కుని బల్ల మీద పెట్టింది. పక్కన నకలు పెట్టింది. అసలుదాన్ని తాము చదవడం తప్ప దాని మీద ఏమీ రాయలేదని, చెరిపినవాళ్ళు రాసిన కొత్త పట్టిక, కొత్త పేరు అందులో ఇప్పటికీ అలాగే ఉన్నాయని చెప్పింది. ఎవరి మనిషినైనా పిలిపించి, ఎవరి యంత్రం మీదైనా సరే, మళ్ళీ మొదటినుంచి చేయించుకోవచ్చు. గొంతు అనే పేరు ఎక్కడ దొరుకుతుందో, అక్కడినుంచి ఎంత వెనక్కి వెళ్ళాలో చెప్పింది. పట్టికలో లేనంత మాత్రాన నేల మీద లేనట్టు కాదంది. ఎక్కడా తడబడలేదు. వెనక వరసలో వదిన పెదాలు ఆమె మాటలతో పాటు కదులుతున్నాయి.

అధికారి డిస్కుని తిప్పి చీటీ చూశాడు. వకీలు వదల్లేదు. అంతా బాగానే ఉంది, చెరిపింది ఎవరు? మీరేనట కదా? చెరిపిందీ మీరే, తెచ్చిందీ మీరే అయితే నమ్మేదెలా?

టైపిస్టు కార్యదర్శి వైపు చూడలేదు. బల్ల అంచు చూస్తూ నిలబడింది. తాను చెబితే అది నింద. ఆయన చెబితేనే సాక్ష్యం. ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు.  పిట్టన్న భార్య తల తిప్పి ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. కార్యదర్శి చాచలేని ఆ మోచెయ్యితోనే ముందు కుర్చీని ఆసరా పట్టుకుని లేచాడు. "నేను చెరిపాను," అన్నాడు. లాప్‌టాప్ తాను తెచ్చుకున్నదని, తెలియక చేశానని, చేసిన సంగతి తెలుసుకోకుండా ఈమెని తప్పుపట్టానని, ఈ గదిలో ఉన్న మావాళ్ళందరి ముందే అన్నాను కాబట్టి ఇక్కడే చెబుతున్నానని అన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద డిస్కు పక్కన పెట్టాడు. అధికారికి అదేమిటో అర్థం కాలేదు, వివరం అడగలేదు. గేటు ముందు దెబ్బలు కాచుకోవడం కంటే ఇది కష్టమైన పని. దెబ్బలు తిన్నవాడే చెప్పగలడు ఆ మాట. ఆయన కూర్చున్నాక టైపిస్టు నీళ్ళగ్లాసు ఆయన వైపు జరిపింది.

వకీలు ఇంకేదో అనబోతే అధికారి చెయ్యి అడ్డం పెట్టి, వినిపించమన్నాడు.

స్పీకరులోంచి ముందు దగ్గు వచ్చింది. పిట్టన్న భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ తల దించలేదు. పిట్టన్న తన పని చెప్పుకొచ్చాడు. పొద్దున్నే రాళ్ళు తొట్టిలోకి దించడం, కింద యంత్రం దవడలు నమిలే చప్పుడు పళ్ళల్లో తెలియడం, సాయంత్రానికి కనుబొమలు తెల్లబడి ఒకరినొకరు ముసలోడా అని పిలుచుకోవడం. వకీలు కాగితాలు తిరగేస్తున్నాడు. మేస్త్రీ నేల చూస్తున్నాడు.

"వానాకాలం పొడి తడిసిందంటే మూడో తొట్టి తలుపు పట్టేసేది అమ్మా," అంటున్నాడు పిట్టన్న. "దాన్ని కాలితో తన్నాలి. ఎక్కడ తన్నాలో నాకే తెలుసు. ఓసారి మా మేస్త్రీ, నువ్వేమిట్రా నేర్పేదని తానే పోయి తన్నాడు. బొటనవేలు గుమ్మడికాయంత వాచింది. వారం రోజులు ఒక కాలికే చెప్పేసుకుని తిరిగాడు. నవ్వితే పనిలోంచి తీసేస్తాడని నోట్లో గుడ్డ కుక్కుకున్నాం." మళ్ళీ దగ్గు. దగ్గులోంచే నవ్వు.

సంఘం వాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. మేస్త్రీ వేలు మెడ దగ్గర గుండీ మీద ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది.

"నేనెక్కడ తన్నానురా," అన్నాడు గొణుగుతూ. "నువ్వే కదరా గడ్డపార నా కాలి మీద పడేసింది."

 స్పీకరులో పిట్టన్న ఇంకా దగ్గుతున్నాడు. వకీలు మెల్లగా చెయ్యి చాపి మేస్త్రీ చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

అధికారి ముందుకు వంగాడు. "మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?"

మేస్త్రీ కళ్ళు స్పీకరు మీదే ఉన్నాయి.

"పిట్టగాడితో," అన్నాడు.